మలక్కా గుమ్మంలో ఇద్దరు మిత్రులు

1815 ఆగస్టు 5న మలక్కా రేవుపట్టణంలో ఒక చిన్న చైనీస్ మాసపత్రిక వెలువడింది. చెక్క దిమ్మల మీద అక్షరాలు చెక్కి, పలచని కాగితం మీద అచ్చువేసి, దారంతో కుట్టిన ఆ కొద్ది పుటల పుస్తకం చూడటానికి అచ్చంగా చైనా వారి పాత పుస్తకంలాగే ఉంటుంది. లోకరీతిని పరిశీలించి నెలనెలా రాసిన లేఖనం అన్న అర్థం వచ్చేలా దానికి పేరు పెట్టారు. ఎక్కువ విని అందులో మంచిని ఏరుకోమని చెప్పే కన్ఫ్యూషియస్ మాటను ముఖపత్రం మీద వేశారు. చైనా పత్రికల చరిత్ర రాసేవారు ఆధునిక చైనీస్ పత్రికల్లో మొదటిదిగా లెక్కించేది దీన్నే. కాని అది చైనాలో అచ్చు కాలేదు. దాని సంపాదకుడు చైనావాడూ కాడు. స్కాట్లండు పల్లెలో పశువులు కాసి, వడ్రంగం నేర్చుకున్న క్రైస్తవ మతప్రచారకుడు విలియం మిల్న్ దాన్ని నడిపాడు. ముఖపత్రం మీద అతని పేరు కూడా లేదు. అందరినీ ప్రేమించేవాడు అనే అర్థం గల కలంపేరే ఉంది.

ఒక భాషలో మొదటి పత్రిక ఆ భాష రాజ్యమేలే చోట కాక పొలిమేరల్లో పుట్టడం మనకు కొత్త కాదు. తెలుగులో తొలి పత్రికగా చరిత్రకారులు చాలామంది చెప్పే సత్యదూత 1835లో బళ్ళారి క్రైస్తవుల పూనికతో వచ్చింది. బళ్ళారి అప్పుడు మద్రాసు రాజధానిలో ఉండేది, 1953 నుంచి కన్నడ రాష్ట్రంలో ఉంది. మిల్న్‌ను పంపిన లండన్ మిషనరీ సొసైటీవారే 1810లో బళ్ళారిలోనూ మిషన్ పెట్టారు. కనుక మిల్న్ కథ మనకు పూర్తిగా పరాయిది కాదు. సొంత గడ్డకు బయట ఉండి సొంత భాషలో చదువుకునే మనుషులకు ఎవరు రాస్తారు, ఎందుకు రాస్తారు, పని తీరాక వారిని ఏం చేస్తారు అన్న ప్రశ్నలు అతని రచనల చుట్టూ ఉన్నాయి. బరంపురంలోనో, హోసూరులోనో, షోలాపూరులోనో తెలుగు పత్రిక చదివేవాడు ఆ ప్రశ్నలను పక్కన పెట్టలేడు.

మిల్న్ 1785లో ఏబర్డీన్ ప్రాంతంలోని కెన్నెత్‌మాంట్‌లో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. మిషనరీగా వెళతానని అడిగినప్పుడు అతని పల్లెటూరి వాలకం చూసి పరీక్షకులకు నమ్మకం కుదరలేదట. మరొకరికి పనిమనిషిగా వెళతావా అని అడిగితే, కట్టెలు కొట్టడానికైనా నీళ్ళు మోయడానికైనా సిద్ధమే అన్నాడని అతని జీవితచరిత్రలన్నీ చెబుతాయి. గాస్పోర్టులో డేవిడ్ బోగ్ దగ్గర చదువుకుని, 1812లో రేచల్ కవీని పెళ్ళాడి, 1813 జూలైలో మకావులో దిగాడు. అక్కడి పోర్చుగీసు గవర్నరు కొద్ది రోజుల్లోనే వెళ్ళిపొమ్మన్నాడు. భార్యను మకావులో విడిచి కాంటన్ చేరాడు. కాంటన్‌లోకి విదేశీ స్త్రీలకు ప్రవేశం లేదు. పురుషులైనా వర్తకం సాగే రోజుల్లోనే ఉండాలి. విదేశీయుడికి చైనీస్ నేర్పిన చైనావాడికి శిక్ష ఉంది. క్రైస్తవ పుస్తకాలు అచ్చువేయడాన్ని మరణశిక్ష పడే నేరంగా చేస్తూ 1812లో చక్రవర్తి ఆజ్ఞ వెలువడి ఉంది. 1807 నుంచి అక్కడ ఉన్న రాబర్ట్ మారిసన్ ఈస్టిండియా కంపెనీలో దుబాసీ ఉద్యోగం చూసుకుని, ఆ నీడన బైబిలు అనువాదం చేసుకుంటున్నాడు.

చైనా లోపల నిలువనీడ లేదని తేలింది గనుక, బయట చైనావారు స్థిరపడిన చోటు ఒకటి వెతకాలని ఇద్దరూ అనుకున్నారు. 1814లో మిల్న్ జావా, మలక్కా తిరిగి పుస్తకాలు పంచాడు. 1815 వసంతంలో భార్యతో, బిడ్డతో మలక్కాకు బయల్దేరాడు. ఆ ఓడలోనే కవలలు పుట్టారు. వెంట లియాంగ్ ఫా అనే అచ్చుపనివాడు కూడా వచ్చాడు. మిల్న్ జీవితంలో మిగిలింది ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళలో మాసపత్రిక నడిపాడు. చైనా పిల్లలకు బడి పెట్టాడు. 1817 నుంచి ఇంగ్లీషులో ఒక త్రైమాసిక పత్రిక తెచ్చాడు. 1818లో శంకుస్థాపన జరిగిన ఆంగ్లో చైనీస్ కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్ అయ్యాడు. ద్వితీయోపదేశకాండం, యెహోషువ మొదలు యోబు గ్రంథం దాకా పాత నిబంధనలో పెద్ద భాగం అనువదించాడు. చైనీస్‌లో చిన్నవీ పెద్దవీ కలిపి ఇరవై పుస్తకాల దాకా రాశాడు. 1819 మార్చిలో రేచల్ చనిపోయింది. 1822 జూన్ 2న అతనూ చనిపోయాడు. అప్పటికి 37 ఏళ్ళు.

ఇంతవరకు చెప్పింది భక్తుల జీవితచరిత్రల్లో దొరికేదే. 1824లో మారిసన్, 1840లో రాబర్ట్ ఫిలిప్ అతని జీవితం రాశారు. అలాంటి పుస్తకాలకు ఒక మూస ఉంది. బీదతనం, పిలుపు, ఓడ ప్రయాణం, కష్టాలు, సమాధి. మన హరికథల్లో భక్తుడి కథలాగే అక్కడా అన్నీ ముందే నిర్ణయమై ఉంటాయి. ఆ మూసలో పోసేసరికి మిల్న్ రచయిత అన్న సంగతి వెనక్కి పోతుంది. ప్రచారకుడిగా అతను బాప్తిస్మమిచ్చినవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అతను రాసిన ఒక చిన్న పుస్తకం మాత్రం అతను పోయాక వందేళ్ళ దాకా అచ్చవుతూనే ఉంది. అందుచేత అతన్ని తూచవలసింది రచయితగానే.

ఆ పుస్తకం జాంగ్, యువాన్ అనే ఇద్దరు మిత్రుల సంభాషణ. మొదట మాసపత్రికలో ధారావాహికంగా వచ్చి, 1819లో పన్నెండు అధ్యాయాల పుస్తకమైంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకాల దాకా ఎందరో సవరించారు, ఎన్నో ఊళ్ళలో అచ్చువేశారు, లక్షల ప్రతులు పంచారు. పందొమ్మిదో శతాబ్దపు మిషనరీ నవలలను సాహిత్యంగా పరిశీలించిన పాట్రిక్ హనన్ 2000లో రాసిన వ్యాసంలో ఈ వరసకు ఆద్యమైనదిగా దీన్నే తీసుకున్నాడు. మన రాజశేఖర చరిత్రము వివేకవర్ధనిలో ధారావాహికంగా రావడం 1878లో. పత్రికను ఆసరా చేసుకుని వచనకథను జనంలోకి పంపే ఎత్తు మలక్కాలో అప్పటికే అరవై ఏళ్ళ పాతది.

కథ అనదగ్గది ఇందులో కొంచెమే. ఇద్దరు స్నేహితులు దారిన నడుస్తూ మాట్లాడుకుంటారు. జాంగ్ క్రైస్తవుడు. యువాన్ కాడు. ఈ యేసును నమ్మేవాళ్ళు ఎలాంటివాళ్ళని యువాన్ అడుగుతాడు. జాంగ్ చెబుతాడు. ఇంటికి పోయిన యువాన్‌కు మనసు కుదుటపడదు. మళ్ళీ వస్తాడు. రాత్రివేళ వుతుంగ్ చెట్టు కింద కూర్చుంటారు. పాపం, పశ్చాత్తాపం, చావు, చచ్చినవారు మళ్ళీ లేవడం, స్వర్గనరకాలు ఒకదాని తర్వాత ఒకటి మాటల్లోకి వస్తాయి. చైనా కవిత్వంలో వుతుంగ్ చెట్టు శరత్కాలానికీ ఒంటరితనానికీ గుర్తు. మన కవి ఎవరైనా విరహం చెప్పదలిస్తే వెన్నెలను తెచ్చినట్టు వారు ఆ చెట్టును తెస్తారు. ఏబర్డీన్ వడ్రంగికి ఈ చెట్టు ఎవరి ద్వారా దొరికింది అన్నది ఆలోచించవలసిన విషయం. దానికి తర్వాత వస్తాను.

ముందు ఈ రచన బలం ఎక్కడుందో చూడాలి. సంవాద రూపంలో మతం చెప్పడం మిల్న్ కనిపెట్టింది కాదు. అతనికి రెండు వందల ఏళ్ళ ముందు జెస్యూట్ ప్రచారకుడు మత్తెయో రిచ్చి 1603లో ప్రకటించిన తన గ్రంథాన్ని సంవాదంగానే రాశాడు. అయితే అందులో ఒకడు చైనా పండితుడు, రెండోవాడు పడమటి పండితుడు. అడిగేది చైనావాడు, తీర్చేది పడమటివాడు. రిచ్చి పాండిత్యం ఎంత గొప్పదైనా అతని గ్రంథంలో అతిథి ఇంటివాడికి పాఠం చెబుతూనే ఉంటాడు. మిల్న్ చేసిన పని వేరు. తెల్లవాణ్ణి కథలోంచి తీసేశాడు. జాంగ్ చైనావాడే, యువాన్ చైనావాడే. పండితులు కారు, పక్కపక్కన మసిలే మనుషులు. చర్చ జరిగేది ఏ పీఠం మీదా కాదు, దారిలో, చెట్టు కింద, ఒకరి ఇంట్లో. యువాన్ అడిగే ప్రశ్న పామరుడు నిజంగా అడిగేదే. చచ్చి మట్టిలో కలిసిన శరీరం మళ్ళీ ఎలా లేస్తుందన్న సందేహం తీర్చడానికి తర్కశాస్త్రం వల్లిస్తే యువాన్ లాంటివాడు లేచిపోతాడు. ఇద్దరు స్నేహితులు కావడం వల్లే అతను మర్నాడు మళ్ళీ వస్తాడు. వాదం కన్నా ముందు స్నేహాన్ని నిలబెట్టడం మిల్న్ చేసిన తెలివైన పని.

భాష విషయంలోనూ అంతే. చైనా పండితులు వచనకథలను చిన్నచూపు చూసేవారు. గంభీరమైన విషయానికి గ్రాంథికమే తగునని వారి నమ్మకం. మిల్న్ పాత నవలల పద్ధతిలో అధ్యాయాలను హుయి అని పేర్కొంటూ సులభమైన వచనం రాశాడు. ఈ శైలికి శిక్షణ అతనికి రాజశాసనం అనువాదంలో దొరికిందని నా అభిప్రాయం. కాంగ్షీ చక్రవర్తి 1670లో పదహారు నీతిసూత్రాలు ఇచ్చాడు. అతని కొడుకు యోంగ్‌జెంగ్ 1724లో వాటికి వివరణ రాశాడు. నెలకు రెండుసార్లు వాటిని ఊరూరా జనానికి చదివి వినిపించాలి. చక్రవర్తి గ్రాంథికం జనానికి అందదని ఒక అధికారి వాడుకమాటల్లో టీక రాశాడు. మిల్న్ ఈ మొత్తాన్నీ ఇంగ్లీషు చేసి 1817లో లండన్‌లో ప్రకటించాడు. సామాన్యుణ్ణి కూర్చోబెట్టి విషయం చెప్పడానికి చైనావారే తయారు చేసుకున్న మాటతీరు ఆ టీకలో అతనికి దొరికింది. ఏడో సూత్రం అపమార్గపు మతాలను తోసిపుచ్చమంటుంది. దాని వివరణలో పడమటి మతం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. తన మతాన్ని తిట్టిన గ్రంథాన్ని శ్రద్ధగా అనువదించి, అందులోంచే శైలి నేర్చుకున్నవాణ్ణి ఉత్త మతోన్మాది అని కొట్టిపారేయడం న్యాయం కాదు.

ఇక లోపం. ఇద్దరు మిత్రులన్న పేరేగాని, ఇందులో స్నేహం ఒకవైపే పారుతుంది. యువాన్ అడుగుతాడు, జాంగ్ చెబుతాడు. ఆ పాత్రలు తారుమారు కావు. యువాన్ అనే అక్షరానికి చైనీస్‌లో దూరం అని అర్థం. దూరపువాడు దగ్గరకు రావడమే కథ. దగ్గరివాడు మాత్రం ఉన్నచోటు నుంచి అంగుళం కదలడు. స్నేహితుడి ప్రశ్న విని ఒక్కరాత్రి జాంగ్‌కు కూడా నిద్ర పట్టకపోయి ఉంటే ఇది మంచి నవల అయ్యేది. మన గురుశిష్య సంవాదాల్లో గురువుకు సందేహం రాకపోవడం సహజం, ఎందుకంటే అక్కడ గురువు గురువుగానే కూర్చుంటాడు. ఇక్కడ గురువు స్నేహితుడి వేషంలో వచ్చాడు. వేషం వేశాక ఆ వేషానికి తగ్గ ధర్మం పాటించాలి. స్నేహితుడన్నవాడు వినాలి కూడా.

తెల్లవాణ్ణి కథలోంచి తీసేయడానికి ఉన్న రెండో ముఖం ఇక్కడే కనిపిస్తుంది. అది వినయం కావచ్చు. తన గొంతును చైనావాడి నోట పెట్టి పలికించడమూ కావచ్చు. జాంగ్ మాట్లాడేది మిల్న్ మాటే. కాని జాంగ్ బతికే బతుకు మిల్న్‌ది కాదు. క్రైస్తవుడైన చైనావాడు తన ఊళ్ళో, తన వాళ్ళ మధ్య ఎలా నెగ్గుకొస్తాడు అన్న కష్టం ఈ పుస్తకంలో నిజమైన బరువుతో కనిపించదు. అలాంటి మనిషి మాత్రం మిల్న్ పక్కనే ఉన్నాడు. ఆ పుస్తకపు దిమ్మలు చెక్కే పని అతనిదే.

లియాంగ్ ఫా 1789లో కాంటన్ దేశంలో పుట్టాడు. వృత్తి అక్షరాలు చెక్కడం. బందరు అద్దకానికి దిమ్మలు చెక్కేవారిని చూసినవారికి ఆ పని ఎలాంటిదో తెలుసు. ప్రతి అక్షరాన్ని తిరగేసి, మిగిలిన చెక్కంతా తొలిచి, గీత పైకి తేలేలా చెయ్యాలి. 1816 నవంబరులో మిల్న్ చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్నాడు. పత్రికలో అతనూ రాశాడు. 1819లో సొంత ఊరు వెళ్ళి, తనవాళ్ళ కోసం ఒక చిన్న పుస్తకం రాసి, 200 ప్రతులు వేసుకున్నాడు. అధికారులు పట్టుకుని, దిమ్మలు తగలబెట్టి, వెదురు బెత్తాలతో కొట్టించారు. ఇద్దరు మిత్రులు పుస్తకరూపంలో వచ్చిన సంవత్సరమూ అదే. అచ్చులోని జాంగ్ చెట్టు కింద ప్రశాంతంగా జవాబులు చెబుతున్న ఏడాదే రక్తమాంసాల జాంగ్ దెబ్బలు తిన్నాడు. భక్తుల జీవితచరిత్రల్లో ఇతను మిల్న్ సాధించిన ఫలంగా కనిపిస్తాడు. మిల్న్ పక్కన పనిచేసిన రచయితగా అతన్ని చూడటం తర్వాతి కాలపు పరిశోధకులు నేర్పిన చూపు. వుతుంగ్ చెట్టు లాంటి వివరాలు, ఆ వాడుకమాటల ఒడుపు, ఏ వాక్యం చైనావాడి చెవికి ఎబ్బెట్టుగా ఉంటుందన్న ఎరుక ఇతని వంటి సహాయకుల వల్ల వచ్చి ఉంటాయని ఊహించడం అన్యాయం కాదు. ముఖపత్రం మీద మిల్న్ పేరు లేదు, నిజమే. కాని చరిత్రలో ఆ పేరు చేరింది. చెక్కినవాడి పేరు చేరడానికి చాలా కాలం పట్టింది.

ఇదే కాలంలో ఇదే సొసైటీ మన తీరాన చేసిన పనిలోనూ ఇలాంటి మనిషి ఒకడున్నాడు. 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. వారికి ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు తోడయ్యాడు. 1809లో ఒకరు, 1810లో మరొకరు చనిపోయారు. వారి పనిలోంచి వచ్చిన తెలుగు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ఆ తెలుగులో ఎంత భాగం దొరలది, ఎంత భాగం ఆనందరాయరుది అని విడదీసి చెప్పే పని మన సాహిత్య చరిత్రలు పెద్దగా పెట్టుకోలేదు. లియాంగ్ ఫా గురించి అడిగిన ప్రశ్న ఆనందరాయరు గురించి కూడా అడగాలి. అనువాదం ఎవరి పేర వచ్చిందన్నది ఒక ప్రశ్న. వాక్యం ఎవరి నోట తయారైందన్నది వేరే ప్రశ్న.

దేవుడికి పేరు పెట్టే దగ్గర ఈ సంగతి బాగా తెలుస్తుంది. మిల్న్ మొదట షెన్ అన్న మాట వాడాడు. దానికి దేవత, ఆత్మ అనే అర్థాలన్నీ వస్తాయి. చివరి రోజుల్లో, పైనున్న ప్రభువు అనే అర్థం గల షాంగ్ తీ అన్న ప్రాచీన పదమే మేలని వాదించాడు. కాథలిక్కులు ఆకాశానికి ప్రభువు అనే మరో మాట వాడేవారు. మిల్న్ పుస్తకాన్ని తర్వాత సవరించినవారు తమ తమ పక్షాలకు తగినట్టు ఆ పదాన్ని మార్చుకుంటూ పోయారు. మనకిది తెలిసిన తగువే. తెలుగు కాథలిక్కుల పాత పుస్తకాల్లో సర్వేశ్వరుడు అంటే ప్రొటెస్టెంట్ల పుస్తకాల్లో దేవుడు అంటారు. తమిళ బైబిలులో పరాపరన్ పోయి దేవన్ వచ్చింది. ఏ మాట ఎంచుకున్నా దాని వెంట పాత అర్థాలు ఇంటి కుక్కల్లా వస్తూనే ఉంటాయి, తరిమినా పోవు. మిల్న్ ఈ సంగతి గ్రహించి, పండితుడిలా మొండికెయ్యకుండా అభిప్రాయం మార్చుకున్నాడు. అతని పాత్ర జాంగ్‌కు లేని గుణం అతనిలో ఉంది.

రాసిన మాట రాసినవాడి చెప్పుచేతల్లో ఉండదనడానికి లియాంగ్ ఫా జీవితమే పెద్ద సాక్ష్యం. 1832లో అతను లోకానికి హితవు చెప్పే పుస్తకం ఒకటి ప్రకటించాడు. 1830ల్లో ఉద్యోగ పరీక్ష రాయడానికి కాంటన్ వచ్చిన హోంగ్ షియూచువాన్ చేతికి అది అందింది. మళ్ళీ మళ్ళీ తప్పి, 1843లో దాన్ని శ్రద్ధగా చదివి, తాను యేసుకు తమ్ముణ్ణని నమ్మాడు. అతను లేవదీసిన తైపింగ్ తిరుగుబాటు 1851 నుంచి 1864 దాకా సాగింది. అందులో రెండు కోట్ల మందికి పైగా చనిపోయి ఉంటారని అంచనా. ఈ నెత్తురంతా మలక్కా దిమ్మల నుంచే కారిందనడం అతిశయోక్తి. కరువులు, పన్నులు, యుద్ధంలో ఓడిన రాజ్యం, ఉద్యోగాలు దొరకని చదువరులు, ఇవన్నీ కారణాలే. అయినా జాంగ్, యువాన్ మాట్లాడుకున్నట్టు ఎదురెదురుగా కూర్చుని అడిగే అవకాశం హోంగ్‌కు లేదు. చేతిలో పుస్తకం ఉంది, చెట్టు కింద స్నేహితుడు లేడు. పుస్తకాన్ని స్నేహితుడికి బదులుగా పంచిపెట్టే పద్ధతిలోని ప్రమాదం ఇదేననిపిస్తుంది.

ఇప్పుడు మలక్కా పాఠకుల దగ్గరకు రావాలి. అక్కడి చైనావారిలో చాలామంది తాతముత్తాతల నాడు ఫుజియన్ తీరం నుంచి వచ్చినవారు. మాట హొక్కియన్. తరాలుగా ఉన్న బాబా కుటుంబాల్లో ఇంటిమాట మలయే అయిపోయింది. మిల్న్ వారి పిల్లలకు చదువు చెప్పించాడు, వారి వీధుల్లో పత్రిక పంచాడు. సూర్యుడి చుట్టూ భూమి తిరగడం, గ్రహణాలు పట్టడం, దూరదేశాల సంగతులు, నీతికథలు ఆ పత్రికలో చదివారు. అది వారికి మేలే. కాని మిల్న్ చూపు మలక్కా మీద ఆగలేదు. మలక్కా, జావా, సయాం చైనావారి చేతుల మీదుగా ఓడలెక్కి పుస్తకాలు చైనా చేరాలన్నదే ఆశ. అతను రాసిన చరిత్రపుస్తకానికి 1820లో పెట్టిన పేరే చైనాలో ప్రొటెస్టెంటు మిషన్ మొదటి పదేళ్ళని చెబుతుంది. చైనాలో కాలు పెట్టనివ్వని పదేళ్ళవి. పని జరిగింది మలక్కాలో, పేరు చైనాది. బయట స్థిరపడిన జనం అతనికి గుమ్మం. ఇల్లు వేరే ఉంది.

గుమ్మం పని తీరాక ఏమవుతుందో చరిత్ర చూపించింది. పత్రిక 1821తో ఆగింది. సంపాదకుడు ఒక్కడు మంచం పడితే ఆగిపోయే చిన్న పత్రికల దురదృష్టం మనకు తెలుసు. నల్లమందు యుద్ధం ముగిసి హాంకాంగ్ బ్రిటిషువారి చేత చిక్కగానే, 1843లో జేమ్స్ లెగ్ కళాశాలను అక్కడికి తరలించాడు. మిల్న్ కొడుకు విలియం చార్లెస్ కూడా చైనాకే వెళ్ళి పనిచేశాడు. చైనా తలుపు తెరుచుకుంది గనుక మలక్కా అక్కర్లేకపోయింది. అక్కడి బాబాలు, హొక్కియన్ వర్తకులు, బడిపిల్లలు ఉన్నచోటనే ఉన్నారు. వారి కోసమని మొదలుపెట్టి ఉంటే ఎవరూ అంత తేలిగ్గా సర్దుకుని వెళ్ళలేరు.

మిల్న్‌ను తప్పుపట్టడానికే ఇదంతా చెప్పడం లేదు. అతను దాచలేదు, మొదటినుంచీ చైనా అనే అన్నాడు. ఆ గమ్యం కోసం భార్యను, బిడ్డల్లో ఇద్దరిని, తన ప్రాణాన్ని మలక్కాలోనే పోగొట్టుకున్నాడు. అతని రచనలోని మంచి మనం తీసుకోదగ్గది. ఎదుటివాడి రూపంలో, ఎదుటివాడి వాడుకలో, పక్కన నడుస్తూ చెప్పాలన్న తెలివి ఈనాటికీ పాతబడలేదు. అందులోని కొరత కూడా మనకు పనికొచ్చేదే. రాష్ట్రేతరాంధ్రుల పత్రికలు, సభలు, సంఘాలు ఎన్నోసార్లు తమను తాము తెలుగునాడుకు గుమ్మంలాగానే చూసుకున్నాయి. హైదరాబాదులోనో విజయవాడలోనో ఎవరో గుర్తిస్తారని రాసేవాళ్ళం ఎక్కువ. బళ్ళారి బజారులో కన్నడం కలిసిన తెలుగు, బరంపురం ఇళ్ళలో ఒడియా కలిసిన తెలుగు, హోసూరు పల్లెల్లో తమిళం చదువుకుని తెలుగు మాట్లాడే పిల్ల ఎవరికి పాఠకులు? వారి ప్రశ్నలకు మనం జాంగ్‌లా సిద్ధంగా ఉన్న జవాబులు చెబుతున్నామా? సరైన తెలుగు ఇది, మీది చెడిపోయిన తెలుగు అనే జవాబు అలాంటిదే. అది స్నేహితుడి వేషంలో వచ్చిన గురువు మాట.

సత్యదూత బళ్ళారి నుంచి వచ్చిందని గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. ఆ పత్రిక బళ్ళారి తెలుగువాడికి ఏమిచ్చింది అని అడగడం కూడా విమర్శకుడి పనే. మలక్కా పత్రికకు చైనా పత్రికారచన చరిత్రలో మొదటి పుట దక్కింది. మలక్కా చైనావాడి చరిత్రలో దానికి ఎంత చోటు దక్కిందన్నది వేరే లెక్క. చిన్న పత్రికను ఏ లెక్కలో తూచాలన్న ప్రశ్న వస్తే, రెండో లెక్కనే ముందు చూడాలని నేనంటాను. మొదటిది చరిత్రకారులు ఎలాగూ చూస్తారు.